పోక్సో కేసులో పాప మాట ఒక్కటే సాక్ష్యమైతే కోర్టు ఏం చూస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అక్క కూతురికి తొమ్మిదేళ్లు. వీధిలో ట్యూషన్ చెప్పే వ్యక్తి అసభ్యంగా తాకాడని ఆ రోజు సాయంత్రమే వాళ్ల అమ్మకు చెప్పింది. ఇంట్లో తర్జనభర్జన పడి ఆరో రోజున పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. డాక్టర్ గాయాలేమీ లేవని రాశారు. కళ్లారా చూసినవాళ్లు లేరు. "ఇందులో సాక్ష్యం ఏముంది, కొట్టేస్తారు, రాజీ చేసుకోండి" అని పెద్దమనుషులు అంటున్నారు. కోర్టు ఇలాంటి కేసును ఎలా తూకం వేస్తుంది?

జిల్లా కోర్టుల్లో ఎక్కువ కాలం ప్రాసిక్యూషన్ (కేసు నడిపే ప్రభుత్వ పక్షం) తరఫున, కొంతకాలం డిఫెన్స్ (నిందితుడి పక్షం) తరఫున పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద వచ్చే కేసులు నడిపాను. అందుకని రెండు వైపుల నుంచీ చెబుతాను. పాప పేరు, ఊరి పేరు, బడి పేరు ఎక్కడా రాయకుండా మంచి పని చేశారు. ఇకముందు కూడా వాట్సాప్ గ్రూపుల్లో సైతం రాయకండి. బిడ్డ ఎవరో తెలిసేలా ప్రచురించడం నేరం, రాసింది సొంత బంధువులైనా సరే.

ముందు సూటిగా ఒక మాట. గాయాలు లేవు, చూసినవాళ్లు లేరు, ఫిర్యాదు ఆలస్యమైంది. ఈ మూడూ కలిపినా వాటంతటవే కేసును పడగొట్టలేవు. అలాగని పాప చెప్పింది కాబట్టి శిక్ష ఖాయమనీ అనుకోవద్దు. పాప మాటను వేరే ఆసరా లేకుండా నమ్మవచ్చా అన్నదే జడ్జి తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న. డాక్టరు, తల్లి, ఎఫ్ఐఆర్, ఫోను, స్కూలు రికార్డు అన్నీ ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి పనికొచ్చేవే తప్ప, వాటిలో ఏదీ పాప సాక్ష్యానికి బదులు కాదు. పెద్దమనుషులు సాక్ష్యం లేదంటున్నారు గానీ, పాప చెప్పేదే సాక్ష్యం. చాలామంది తడబడేది ఇక్కడే.

ఫలానా నిజానికి ఇంతమంది సాక్షులు కావాలని మన చట్టంలో ఎక్కడా లేదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 139 ఈ మాటే చెబుతుంది, పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది 134. సాక్షులను లెక్కపెట్టరు, వాళ్లు చెప్పేదాన్ని తూస్తారు. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా విడదీసింది: పూర్తిగా నమ్మదగినవాళ్లు, అసలు నమ్మలేనివాళ్లు, ఈ రెండింటికీ మధ్యనున్నవాళ్లు. మొదటి రకం సాక్షి ఒక్కరున్నా శిక్ష వేయొచ్చు. మూడో రకమైతేనే వేరే ఆధారంతో సరిచూసుకోవాలి. అది హత్య కేసే అయినా, ఈ రోజుకీ పోక్సో తీర్పుల్లో ఆ విభజన కనిపిస్తుంది.

మరి తొమ్మిదేళ్ల పిల్ల సాక్షిగా పనికొస్తుందా? పనికొస్తుంది. సాక్ష్యం చెప్పడానికి కనీస వయసంటూ లేదు. అడిగింది అర్థమై, దానికి తగ్గ జవాబు చెప్పగలిగితే చాలు. అందుకే పాప బోనెక్కగానే జడ్జి అసలు విషయంలోకి వెళ్లరు. ఏ క్లాసు, టీచర్ పేరేమిటి, తమ్ముడు ఉన్నాడా, అబద్ధం చెబితే ఏమవుతుంది, ఇలాంటివి అడిగి ఆ ప్రశ్నలూ జవాబులూ రికార్డు చేస్తారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలన్న సంగతి తెలిస్తే ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చని 1969 నాటి ప్రమాణాల చట్టం చెబుతోంది. కొందరు జడ్జీలు ఈ ముందు ప్రశ్నలను రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అప్పీల్లో డిఫెన్స్ మొదట పట్టుకునేది అదే. మీ పీపీ గారికి, అంటే కేసు నడిపే ప్రభుత్వ లాయరుకు, ఈ సంగతి గుర్తుచేయడంలో తప్పు లేదు.

రాజస్థాన్ నుంచి వచ్చిన, 1951 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చిన రామేశ్వర్ కేసు మీరు తప్పక తెలుసుకోవాలి. ఎనిమిదేళ్ల పాప, ప్రమాణం చేయించలేదు, చూసినవాళ్లు లేరు. జరిగిన సుమారు నాలుగు గంటలకు తల్లికి చెప్పింది. జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పులో రెండు విషయాలు తేల్చారు. ఒకటి, బాధితురాలి మాటకు వేరే ఆసరా ఉండి తీరాలన్నది చట్టం కాదు, జడ్జి మనసులో ఉంచుకోవాల్సిన జాగ్రత్త మాత్రమే. కేసును బట్టి ఆ జాగ్రత్త అవసరం లేదనిపిస్తే పక్కన పెట్టొచ్చు. రెండోది మీకు బాగా దగ్గరగా ఉంది: జరిగిన కాసేపటికే బిడ్డ తల్లికి చెప్పిన మాట కూడా బిడ్డ సాక్ష్యానికి బలం అవుతుంది.

మీ కేసులో ఆరు రోజుల ఆలస్యం పోలీసులకు చెప్పడంలో జరిగింది, అమ్మకు చెప్పడంలో కాదు. ఈ రెండూ వేరు. పాప ఆ సాయంత్రమే చెప్పింది. తర్వాత ఆలస్యం చేసింది పెద్దలు. పెద్దల తటపటాయింపును పాప మాటకు అంటగట్టకూడదు. మీ అక్కగారు కోర్టులో చెప్పాల్సిన వాటిలో ముఖ్యమైనది ఇదే: పాప ఎప్పుడు చెప్పింది, ఎలా చెప్పింది, ఏ మాటల్లో చెప్పింది, ఏడుస్తూనా, తినడం మానేసిందా, ట్యూషన్‌కు పోనని మొండికేసిందా. ఆ మాటలు పాప భాషలోనే ఉండాలి. "లైంగికంగా వేధించాడు" అని తొమ్మిదేళ్ల పిల్ల చెప్పిందంటే ఏ జడ్జీ నమ్మరు. స్టేషన్‌లో ఫిర్యాదు రాసిపెట్టేవాళ్లు ఇలాంటి కాగితపు భాష దూర్చి కేసుకు ఎంత చేటు చేస్తారో చెప్పలేను.

ఇక ఆలస్యం గురించి. పరువు గురించి, పాప భవిష్యత్తు గురించి ఇంట్లో మీమాంస పడటం సహజమేనని 1996లో పంజాబ్ వర్సెస్ గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాబట్టి ఆలస్యం ఒక్కటే కారణంగా కేసు పోదు. కానీ కారణం చెప్పాలి, అది నిజమైన కారణమై ఉండాలి. "భయపడ్డాం, బావగారు ఊళ్లో లేరు, వచ్చాక మాట్లాడుకుని వెళ్లాం" అని ఉన్నది ఉన్నట్టు చెబితే నిలబడుతుంది. ఆ ఆరు రోజుల్లో అతనితో డబ్బు మాటలు నడిచి, అవి కుదరక స్టేషన్‌కు వెళ్లారని డిఫెన్స్ చూపించగలిగితే మాత్రం అదే ఆలస్యం మెడకు చుట్టుకుంటుంది. రాజీ మాటలకు దూరంగా ఉండమనడానికి ఇదొక కారణం.

మెడికల్ రిపోర్టు చూసి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. మీరు చెప్పిన నేరం తాకడం. తాకితే గాయం ఎందుకుంటుంది? పోక్సోలో సెక్షన్ 7 కింద లైంగిక ఉద్దేశంతో తాకడమే నేరం. బిడ్డ పన్నెండేళ్ల లోపైతే అది సెక్షన్ 9 కిందికి, అంటే తీవ్రమైన నేరం కిందికి వెళుతుంది. శిక్ష అయిదేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది. అలాంటి కేసులో డాక్టర్ "గాయాలు లేవు" అని రాస్తే అది పాప చెప్పినదానికి సరిపోతుందే గానీ విరుద్ధం కాదు. ఇంతకంటే తీవ్రమైన నేరాల్లో కూడా గాయం లేకపోవడం నేరం జరగలేదనడానికి రుజువు కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. డీఎన్ఏ కోసం స్వాబ్‌లు తీసే కేసుల్లో 72 గంటలు దాటాక ఏదైనా దొరికే అవకాశం బాగా తగ్గిపోతుంది. మీ కేసుకు ఆ గొడవే లేదు. రెండువేళ్ల పరీక్ష అనే దారుణం మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. దాన్ని సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. ఆ పరీక్ష చేసేవాళ్లు దుష్ప్రవర్తన కింద బాధ్యులవుతారని 2022 అక్టోబర్‌లో జార్ఖండ్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది.

తాకడం గురించే ఇంకో మాట. బట్టల మీదుగా తాకితే సెక్షన్ 7 కిందికి రాదని 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ ఇచ్చిన తీర్పు మీ చెవిన పడి ఉంటుంది. ఇప్పటికీ కొందరు లాయర్లు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. అదే ఏడాది నవంబర్ 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చర్మానికి చర్మం తగలడం కాదు, లైంగిక ఉద్దేశం ముఖ్యమని తేల్చింది. అందుకే ట్యూషన్ మాస్టర్ డిఫెన్స్ బహుశా "తాకలేదు" అని కాకుండా "చదువు చెబుతూ వీపు తట్టాను, పాప తప్పుగా అనుకుంది" అన్న దారిలో రావచ్చు. అప్పుడు ఎక్కడ, ఎలా, ఎన్నిసార్లు తాకాడు, మిగతా పిల్లలు ఉన్నారా లేక వాళ్లను ముందే పంపేసి ఈ పాపను ఉంచాడా, ఎవరికీ చెప్పొద్దన్నాడా అన్నవి నిర్ణయాత్మకం అవుతాయి. ఎవరికీ చెప్పొద్దని బెదిరించడం లేదా చాక్లెట్ ఇవ్వడం లాంటిది ఉంటే ఉద్దేశం దాదాపు బయటపడినట్టే.

ఇప్పుడు అసలైన పరీక్ష, అంటే పాప మాటను తూచడం. పాప ఈ సంగతి కనీసం నాలుగుసార్లు చెబుతుంది: అమ్మకు, పోలీసులకు, మేజిస్ట్రేట్‌కు, చివరికి కోర్టులో. మేజిస్ట్రేట్ ముందు ఇచ్చేదాన్ని అందరూ ఇంకా 164 స్టేట్‌మెంట్ అనే అంటారు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో (బీఎన్ఎస్ఎస్) అది సెక్షన్ 183. మేజిస్ట్రేట్ రాశారు కాబట్టి అదే తిరుగులేని సాక్ష్యమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పాప కోర్టులో చెప్పేదే అసలు సాక్ష్యం. ముందు ఇచ్చిన స్టేట్‌మెంట్లు దాన్ని బలపరచడానికో, తేడా చూపించడానికో పనికొస్తాయి, అంతే.

నాలుగు కథనాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలని ఏ జడ్జీ కోరుకోరు. నిజానికి అలా ఉంటేనే అనుమానం. చూసేది అసలు విషయం మారిందా అని: ఎవరు, ఏం చేశాడు, ఎక్కడ. ఇవి మూడూ నిలిచి ఉంటే, ఆ రోజు మంగళవారమా బుధవారమా, ఏ రంగు గౌను, ట్యూషన్‌లో ఆ పూట ఆరుగురా ఎనిమిదిమందా అన్న తేడాలు పక్కకు పోతాయి. 1983లో గుజరాత్ నుంచి వచ్చిన భర్వాడా భోగిన్‌భాయ్ కేసు ఈ విషయంలో పెద్ద దిక్కు. అందులో బాధితులు పదీ పన్నెండేళ్ల ఆడపిల్లలు. మనిషి జ్ఞాపకం వీడియో టేపులా తిప్పి చూసుకునేది కాదనీ, సమయాలూ దూరాలూ ఎవరైనా అందాజుగానే చెబుతారనీ, కోర్టు వాతావరణానికి బెదిరి తడబడటం సహజమనీ ఆ తీర్పు వివరంగా చెప్పింది. చిన్న తేడాల మీద గంటసేపు వాదించే లాయరుకు జడ్జీలు ఇప్పటికీ చూపించేది దాన్నే.

అయితే మర్చిపోవడం వేరు, పెంచి చెప్పడం వేరు. పోలీసులకు ఒకసారి జరిగిందని, మేజిస్ట్రేట్‌కు మూడుసార్లని, కోర్టులో ఇంకా తీవ్రమైనది జరిగిందని చెబితే అది తేడా కాదు, కథ పెరగడం. పాపలు తమంతట తాము ఇలా పెంచడం నేను అరుదుగా చూశాను. పెద్దలు పక్కన కూర్చుని "ఇదీ చెప్పమ్మా, కేసు గట్టిగా ఉంటుంది" అన్నప్పుడే ఎక్కువగా జరుగుతుంది. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు నాకు బాగా పనికొచ్చినవి ఇలా పెంచి చెప్పినవే, పాప తడబాట్లు కాదు. అత్యాశతో చేర్చిన ఒక్క అబద్ధం పక్కనున్న నాలుగు నిజాలను ముంచేస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరూ పాప చేత రిహార్సల్ చేయించకండి. తెలియనిదానికి "తెలియదు" అనొచ్చని మాత్రం చెప్పండి, చాలు.

దీన్నే కోర్టు భాషలో ట్యూటరింగ్ అంటారు, అంటే నేర్పించి చెప్పించడం. క్రాస్‌లో, అంటే డిఫెన్స్ వేసే ఎదురు ప్రశ్నల్లో, తప్పకుండా ఈ ప్రశ్న వస్తుంది: "మీ అమ్మ చెప్పమంటే చెబుతున్నావా?" కోర్టుకు వచ్చేముందు అమ్మ "భయపడకు, జరిగింది చెప్పు" అంటే అది నేర్పించడం కాదు. పీపీ ముందు రోజు పాత స్టేట్‌మెంట్ చదివి వినిపించినా కాదు. 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ వర్సెస్ బల్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల సాక్ష్యం గురించిన సూత్రాలన్నీ ఒకచోట చేర్చింది. అది కూడా హత్య కేసే, సాక్షి ఏడేళ్ల కూతురు. నేర్పించారని ఊరికే అంటే సరిపోదు, అందుకు ఆధారం ఉండాలి. నేర్పినట్టు తేలిన భాగాన్ని విడదీసి, మిగతాది నమ్మదగినదైతే తీసుకోవచ్చని అందులో ఉంది.

పాప బోనులో నోరు మెదపకపోతే? ఇది తల్లిదండ్రులు పైకి అడగని భయం. రాజస్థాన్‌లో 1986లో జరిగిన ఒక నేరంలో పాప కోర్టులో ఏం అడిగినా మాట్లాడలేదు, కన్నీళ్లు మాత్రమే పెట్టుకుంది. ట్రయల్ కోర్టు శిక్ష వేసింది, 2013లో హైకోర్టు ఆ మౌనాన్ని పట్టుకుని కేసు కొట్టేసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ శిక్షను తిరిగి నిలబెట్టింది. భయంతో ముడుచుకుపోయిన బిడ్డ మౌనాన్ని పెద్దవాళ్ల మౌనంతో సమానం చేయకూడదు, దాన్ని నిందితుడికి అనుకూలంగా తీసుకోకూడదు అన్నది సారాంశం. మిగతా సాక్ష్యం, ముఖ్యంగా వైద్య సాక్ష్యం, ఆ కేసును నిలబెట్టింది. అసలు మాటే రాని పసిబిడ్డల కేసులూ ఉన్నాయి. 2019లో వరంగల్‌లో తొమ్మిది నెలల బిడ్డ కేసు తెలుగువాళ్లెవరూ మర్చిపోలేదు. అది పూర్తిగా పెద్దల సాక్ష్యం, డాక్టర్ల సాక్ష్యం మీద నడిచింది. రెండు నెలలలోపే తీర్పు వచ్చింది. ఉరిశిక్షను హైకోర్టు తర్వాత యావజ్జీవంగా మార్చింది గానీ నేరం రుజువైందన్న నిర్ణయం మాత్రం మారలేదు.

పాప బెదరకుండా ఉండటానికి చట్టం చాలా ఏర్పాట్లు రాసిపెట్టింది. విచారణ మూసిన గదిలో జరగాలి. నిందితుడు పాపకు కనిపించకుండా తెర లేదా వీడియో ఏర్పాటు ఉండాలి. పోక్సో సెక్షన్ 33 ప్రకారం డిఫెన్స్ లాయరు పాపను నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జి అడగాలి. గద్దించడం, వ్యక్తిత్వాన్ని కించపరచడం కుదరదు. మధ్యలో విరామాలు ఇవ్వాలి, పదేపదే కోర్టుకు పిలవకూడదు. ఇది కాగితం మీద. ఆచరణలో చాలాచోట్ల లాయరే అడుగుతాడు, జడ్జి చూస్తూ ఉంటారు. హైదరాబాద్‌లో హాకా భవన్‌లో స్త్రీలు, పిల్లల కోసం పోలీసులు నడిపే భరోసా కేంద్రం లాంటి చోట్ల పరిస్థితి బాగుంటుంది, తాలూకా స్థాయిలో అలా ఉండదు. మీ తరఫు లాయరు లేచి "సెక్షన్ 33 పాటించండి" అని అడిగితే ఏ జడ్జీ కాదనరు, అడిగేవాళ్లు ఉండాలి.

పోక్సో సెక్షన్ 29 గురించి విని ఉంటారు: నిందితుడే నేరం చేశాడని కోర్టు అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి అన్నది. అది ఉంది కదా, ఇక మనం రుజువు చేసేదేముంది అని ధీమాగా ఉండేవాళ్లను చూశాను. అది ప్రమాదం. ముందు పునాది వాస్తవాలు, అంటే వయసు పద్దెనిమిది లోపే అని, ఫలానా పని జరిగిందని, చేసింది ఇతనేనని ప్రాసిక్యూషన్ నమ్మదగిన సాక్ష్యంతో చూపించాకే ఆ సెక్షన్ పనిచేస్తుందని హైకోర్టులు మళ్లీమళ్లీ చెప్పాయి. పాప సాక్ష్యమే నమ్మేలా లేకపోతే సెక్షన్ 29 దాన్ని బతికించదు. మీ కేసులో ఎక్కువ పనికొచ్చేది సెక్షన్ 30. తాకాడని రుజువైతే, ఉద్దేశం ఉందనే కోర్టు అనుకుంటుంది. వీపు తట్టడమే అనడానికి మాస్టరు సందేహానికి తావులేకుండా చూపించుకోవాలి, అది అంత తేలిక కాదు.

ఎవరూ అంతగా పట్టించుకోని వయసు రుజువు దగ్గర ఎన్ని కేసులు పోతాయో చెబితే ఆశ్చర్యపోతారు. మీ పాపకు తొమ్మిదేళ్లు, చూడగానే తెలుస్తుంది. అయినా పన్నెండులోపు అన్నది శిక్షను మారుస్తుంది కాబట్టి కాగితం ఉండాలి. పదహారు, పదిహేడేళ్ల అమ్మాయిల కేసుల్లోనైతే కేసంతా వయసు మీదే ఆడుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ఒక వరస ఇచ్చింది: ముందు స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అవేవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. స్కూలు టీసీ ఆ జాబితాలో లేదు. టీసీని నమ్ముకున్న ఒక కేసును 2023 జూలైలో సుప్రీంకోర్టు యువప్రకాష్ కేసు తీర్పులో కొట్టేసింది. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూఇటూ తేడా ఉండొచ్చని 1982 నుంచీ కోర్టులు ఒప్పుకుంటున్నాయి. ఆ తేడా సాధారణంగా నిందితుడికే లాభిస్తుంది. మన ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అందాజుగా వేసిన జూన్ నెల తేదీలు ఎన్ని రికార్డుల్లో లేవు! ఆ తేదీ దేని ఆధారంగా వేశారని హెడ్మాస్టర్‌ను క్రాస్‌లో అడిగితే జవాబుండదు. పంచాయతీ జనన ధ్రువపత్రం ఉంటే ఇప్పుడే తీసి పోలీసులకు ఇవ్వండి.

కళ్లారా చూసినవాళ్లు లేకపోయినా చుట్టూ ఉన్న సంగతులకు సాక్షులు ఉంటారు. పాప ఆ రోజు ట్యూషన్‌కు వెళ్లిందని చెప్పగల పక్కింటివాళ్లు, ముందే ఇంటికి వచ్చేసిన తోటి పిల్లల తల్లిదండ్రులు, ఆ తర్వాత పాప ట్యూషన్ మానేసిన సంగతి, మాస్టరు మీ అక్కకు పంపిన మెసేజ్‌లు, వీధిలో సీసీటీవీ. సీసీటీవీ రికార్డు కొద్దిరోజుల్లో చెరిగిపోతుంది కాబట్టి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇప్పుడే అడగండి. ఫోను, పెన్‌డ్రైవ్ లాంటివి ఇచ్చేటప్పుడు సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం, లేకపోతే కోర్టు వాటిని చూడదు. పాతది 65బి, ఇప్పటికీ అందరి నోటా అదే పేరు. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి పెట్టేసి సరిపోయిందనుకోకండి, అసలు ఫోను జాగ్రత్తగా ఉంచండి.

డిఫెన్స్ వైపు న్యాయం కూడా చెప్పాలి. పాత కక్షలు, ఫీజు గొడవ, గోడ తగాదా ఉంటే అవి తప్పక బయటికి వస్తాయి, రావాలి కూడా. "కన్నతల్లి తన బిడ్డ పరువును పణంగా పెట్టి అబద్ధపు కేసు పెడుతుందా?" అనే వాదన మా పీపీలకు అలవాటు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. పెట్టినవాళ్లూ ఉన్నారు, ఆ వాదన పాప సాక్ష్యాన్ని తూచే పని నుంచి జడ్జిని తప్పించకూడదు. ఏ ఆసరా లేకున్నా శిక్ష వేయగల సాక్షి ఎంత నిక్కచ్చిగా ఉండాలో చెప్పిన రాయ్ సందీప్ తీర్పును, 2012 నాటిది, ప్రాసిక్యూషన్ వాళ్లం తెగ వాడుకుంటాం. నిజానికి ఆ కేసులో సుప్రీంకోర్టు నిందితులను విడుదల చేసింది. ఈ సంగతి కోర్టులో చాలామందికి గుర్తుండదు. అలాగే కేసు కొట్టేసినంత మాత్రాన అది అబద్ధపు కేసని అర్థం కాదు. అబద్ధపు ఫిర్యాదుకు సెక్షన్ 22లో శిక్ష ఉంది గానీ, అది కావాలని చేసినట్టు తేలితేనే, అదీ పెద్దవాళ్లకే. పిల్లలకు వర్తించదు.

చివరిగా రాజీ సంగతి. నా అనుభవంలో ఈ కేసులు ఎక్కువగా ఓడిపోయేది పాప నమ్మించలేక కాదు, తల్లిదండ్రులు అడ్డం తిరగడం వల్ల. పోక్సో కేసులో రాజీకి చట్టంలో చోటు లేదు. రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద విద్యార్థిని తండ్రి పెట్టిన కేసును, ఇద్దరూ రాజీపడ్డారని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లీ నడపమంది. కాబట్టి పెద్దమనుషులు చెప్పే రాజీ అంటే అర్థం ఒక్కటే: కోర్టులో అబద్ధం చెప్పడం. అలా చెప్పినా కేసు అక్కడితో ఆగుతుందన్న నమ్మకం లేదు. గుజరాత్‌కు చెందిన తొమ్మిదేళ్ల పాప కోర్టులో నిందితుణ్ణి గుర్తుపట్టనన్నా, మిగతా సాక్ష్యం మీద శిక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాయిదాలు కూడా రాజీకి తలుపు తీస్తాయి. చీఫ్ (పీపీ తన సాక్షిని అడిగే ప్రశ్నలు) అయ్యాక క్రాస్‌కు నెలల తరబడి వాయిదా పడితే ఆ మధ్యలోనే మధ్యవర్తులు ఇంటికి వస్తారు. పాప సాక్ష్యం కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో రికార్డు చేయాలని సెక్షన్ 35 అంటోంది. చీఫ్, క్రాస్ ఒకే రోజు పూర్తి చేయమని పీపీ చేత అడిగించండి.

ఈ వారంలో చేయగలిగినవి ఇవి. జిల్లా బాలల సంక్షేమ కమిటీని కలిసి పాపకు సపోర్ట్ పర్సన్‌ను అడగండి, విచారణ అయ్యేదాకా ఆ మనిషి పాప వెంట ఉంటారు. సొంత లాయరును పెట్టుకునే హక్కు సెక్షన్ 40 కింద మీ అక్కకు ఉంది. డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఛార్జిషీటు పడ్డాక స్టేట్‌మెంట్ల కాపీలు పాప తల్లిదండ్రులకు ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఎఫ్ఐఆర్ అయిన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం అడగొచ్చు. కేసు కొట్టేసినా సరే, పాపకు నష్టం జరిగిందని కోర్టు భావిస్తే పరిహారం సిఫారసు చేయొచ్చని 2020 పోక్సో రూల్స్‌లో ఉంది. ఇక మీరు మేనమామ కాబట్టి మిమ్మల్నీ సాక్షిగా వేసి ఉండొచ్చు. పాప మీతో నేరుగా చెప్పిందా లేక అక్క ద్వారా విన్నారా అన్నది పోలీసులకు ఏం చెప్పారో చూసుకోండి. విన్నదాన్ని చూసినట్టు మాత్రం చెప్పకండి, క్రాస్‌లో మొదటి ప్రశ్న అదే ఉంటుంది.